తెనాలి రంగస్థల గీతాలు: మలితరం గానం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు నాటకరంగం మీద 1920ల నుంచి 1950ల దాకా పేరుపడ్డ పాటలు, పద్యాలు అక్కడే ఆగిపోలేదు. గ్రామఫోన్ రికార్డులోకి, సినిమాలోకి, నాట్యవేదిక మీదికి, వాద్యకచేరీలోకి వెళ్లాయి. వెళ్లిన ప్రతిచోటా కొత్త గాయకుడు వాటిని తన పద్ధతిలో పాడుకున్నాడు. మొదట పాడిన నటుడి ముద్ర చెరిగిపోకుండా, అలాగని అతణ్ణి అనుకరించకుండా పాడడం ఇక్కడ ఒక విద్యగా సాగింది. ఈ పరంపరకు మూలపురుషుల్లో మొదట చెప్పవలసినవారు స్థానం నరసింహారావు, ఆ వెంటనే కల్యాణం రఘురామయ్య. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో, తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నాయి. నాటకం సంగతికి వస్తే ఇదంతా ఒకే ప్రాంతం. బాపట్ల మద్రాసు వెళ్లే ప్రధాన రైలుమార్గం మీద ఉంది. తెనాలి నుంచి రేపల్లెకు 1916 నాటికే రైలు నడిచింది. నటుడు సాయంత్రం బండెక్కితే రాత్రి ఆటకు అందుకునేవాడు.

పేరున్న పాటను ఇంకొకరు తిరిగి తమదిగా చేసుకోవడం ప్రపంచంలో చాలా సంగీతాల్లో ఉన్నదే. అమెరికా జాజ్ సంగీతం దాదాపుగా దీని మీదే నిలబడింది. 1959లో న్యూయార్క్ రంగస్థలం మీదికి వచ్చిన ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సంగీతనాటకంలోని ‘మై ఫేవరెట్ థింగ్స్’ పాటను జాన్ కోల్‌ట్రేన్ మరుసటి ఏడాదే సొప్రానో శాక్సఫోన్ మీద పదమూడు నిమిషాలకు పైగా విస్తరించి రికార్డు చేశాడు. సోల్ సంగీతంలో మహానుభావుడనిపించుకున్న స్టీవీ వండర్ పాటలను శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎస్‌ఎఫ్‌జాజ్ కలెక్టివ్ బృందం 2011లో కచేరీకి తీసుకుంది. తమిళ మూలాలున్న పియానో విద్వాంసుడు విజయ్ అయ్యర్ కూడా ‘హిస్టారిసిటీ’ ఆల్బమ్‌లో ఆయన పాట ఒకదాన్ని వాయించాడు. జాజ్ వాద్యకారుడు మాటను వదిలేసి స్వరాన్ని పట్టుకుంటాడు. తెలుగు రంగస్థల గాయకుడికి ఆ వీలు లేదు. పద్యంలో మాట పోతే ప్రేక్షకుడు ఊరుకోడు. అందుకే ఇక్కడ కొత్తదనమంతా మాటను ఎలా విరవాలి, ఎక్కడ నిలపాలి, ఏ అక్షరం మీద రాగం తీయాలి అన్న చోట పుట్టింది.

నేపథ్యం

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజాలు కోస్తాంధ్రలో ప్రదర్శనలిచ్చి వెళ్లిన తరువాత తెలుగు నాటకానికి పాట అలవాటైంది. పార్సీ నాటకాల మట్లు, హిందుస్తానీ రాగాలు, హార్మోనియం ఈ దారినే వచ్చాయి. కర్ణాటక సంగీతం ముందునుంచీ ఉంది. ఈ రెండూ కలిసిన చోట రంగస్థల పద్యగానం తయారైంది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం వంటి వృత్తాలకు, సీసానికి తాళం లేదు. హార్మోనియం శ్రుతి మాత్రమే తోడు. నటుడు రాగం ఎత్తుకుని, పాదం చివర ఊపిరి తీసుకుని, నాలుగో పాదంలో గొంతును పైస్థాయికి తీసుకుపోయి, ఆఖరి అక్షరాన్ని పట్టి నిలిపేవాడు. మైకులు లేని రోజుల్లో వెనక వరుసలో చాప మీద కూర్చున్నవాడికి వినపడాలంటే శ్రుతి హెచ్చుగానే ఉండాలి. ఆ హెచ్చు శ్రుతి తరువాత అవసరం తీరిపోయాక కూడా ఒక సంప్రదాయంగా నిలిచిపోయింది.

తెనాలి ఈ కళకు రాజధానిగా ఎదిగింది. శ్రీరామ విలాస సభ ఆ ఊరి నాటక సమాజాల్లో ప్రఖ్యాతమైనది. స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు, పులిపాటి వెంకటేశ్వర్లు వంటివారి పేర్లు తెనాలి రంగస్థలంతో ముడిపడి ఉన్నాయి. గోవిందరాజుల సుబ్బారావు తరువాత ‘మాలపిల్ల’ (1938), ‘గుణసుందరి కథ’ (1949) వంటి చిత్రాల్లో నటించారు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలోనే పుట్టింది. సురభి నాటకాలకు ఆద్యుడైన వనారస గోవిందరావు అందుకు ప్రధాన ప్రేరకులు.

స్థానం నరసింహారావు, ఆయన పాట

స్థానం నరసింహారావు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో జన్మించారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడవలసిన రాత్రి చంద్రమతి వేషధారి రాలేదు. ఆ వేషం పద్దెనిమిదేళ్ల నరసింహారావు కట్టారు. ఆ తరువాత నాలుగు దశాబ్దాల పాటు తెలుగు రంగస్థలం మీద స్త్రీపాత్ర అంటే ఆయనే గుర్తొచ్చేవారు. సత్యభామ, చింతామణి, రోషనార, చిత్రాంగి, దేవదేవి, మధురవాణి ఆయన ప్రసిద్ధ పాత్రలు. వేషానికి తగిన చీర, నగ, జడ ఎంపిక కూడా ఆయనే చూసుకునేవారు. 1938లో రంగూన్‌లోని తెలుగువారు ఆయనకు బంగారు కిరీటం పెట్టారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలను ‘నటస్థానం’ అనే పుస్తకంగా రాశారు. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు.

ముత్తరాజు సుబ్బారావు రాసిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ ఆయన పాత్రలన్నిటికీ తలమానికం. నారదుడి మాట నమ్మి వ్రతం పట్టి, కృష్ణుణ్ణి దానమిచ్చి, తిరిగి తూకానికి బంగారంతో విడిపించుకోవాలనుకున్న సత్యభామ కథ ఇది. ఆమె నగలన్నీ తక్కెడలో పోసినా తూగని కృష్ణుడు రుక్మిణి వేసిన తులసిదళానికి తూగుతాడు. ఈ వ్రతం చేస్తే భర్త తన మాట దాటలేడన్న ధీమాతో సత్య పాడే పాట ‘మీరజాలగలడా’. దాన్ని స్థానం స్వయంగా రాసుకున్నారు. నటుడు తన పాత్రకు తానే పాట కట్టుకోవడం ఆ రోజుల్లో వింత కాదు. పుస్తకంలో ఉన్న పాట తన గొంతుకు, తన ఆంగికానికి సరిపడకపోతే మార్చుకునేవారు, కొత్తది చేర్చుకునేవారు.

ఈ పాట ప్రత్యేకత సాహిత్యం కన్నా దాన్ని ఆడిన తీరులో ఉంది. స్థానం గొప్ప సంగీత విద్వాంసుడని చెప్పుకోలేదు. ఆయన బలం అభినయం. పల్లవి ఒకటే. తిరిగి అందుకున్న ప్రతిసారీ అందులో కొత్త భావం పలికించేవారు. ఒకసారి గర్వం, ఒకసారి అనుమానం, ఇంకొకసారి ముద్దు, మరొకసారి సవతిని తలచుకున్న చిన్నచూపు. మాటల క్రమం మారదు, మట్టు మారదు. కన్ను మారుతుంది, చేయి మారుతుంది, మాట మీద ఒత్తు మారుతుంది. ‘వన్స్ మోర్’ అని హాలు అరిస్తే మళ్లీ మొదలు. అయితే వినేది మాత్రం అదే పాట కాదు. ఒకే పల్లవిలోంచి ఒక స్త్రీ మనసులోని పొరలన్నీ తీయడం ఆయన వల్లనే రంగస్థలానికి పరిచయమైందనడం అతిశయోక్తి కాదు. తరువాత ఈ పాటను ఎత్తుకున్న ప్రతి ఒక్కరికీ ఇదే సమస్య ఎదురైంది: పాటను తీసుకోవచ్చు, ఆ అభినయాన్ని ఎలా తీసుకోవాలి?

స్థానం ‘రాధాకృష్ణ’, ‘సత్యభామ’ సినిమాల్లో నటించారు కానీ అక్కడ ఆయనకు రంగస్థలపు వైభవం దక్కలేదు. ఆడవేషం కట్టిన మగవాణ్ణి కెమెరా దగ్గరగా చూపించినప్పుడు, వందల మంది మధ్య దూరంగా కూర్చుని చూసినవారి భ్రమ నిలవదు. పైగా సినిమాకు నటీమణులు అప్పటికే వచ్చేశారు. ఆయన పాట సినిమాలో బతకాలంటే అది ఇంకొకరి గొంతులోకి వెళ్లవలసిందే.

సినిమాలో సత్యభామ

తులాభారం కథను తెలుగు సినిమా మూడుసార్లు తీసింది. 1935లో వచ్చిన టాకీలో ఋష్యేంద్రమణి సత్యభామ. 1955లో సి.ఎస్. రావు దర్శకత్వంలో వచ్చిన చిత్రంలో కృష్ణుడు ఈలపాటకు పేరుపడ్డ కల్యాణం రఘురామయ్యే. జనం గుర్తుపెట్టుకున్నది 1966 నాటి మూడో చిత్రాన్ని. సురేష్ ప్రొడక్షన్స్ తరఫున డి. రామానాయుడు నిర్మించగా కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించారు. ఎన్.టి. రామారావు కృష్ణుడు, అంజలీదేవి రుక్మిణి, కాంతారావు నారదుడు, జమున సత్యభామ. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావుది.

పెండ్యాల చేసిన మంచి పని ఏమిటంటే, నాటకం పాటలను పక్కన పెట్టి అన్నీ కొత్తవి రాయించుకోకపోవడం. స్థానం వారి ‘మీరజాలగలడా’ను అలాగే ఉంచారు. చందాల కేశవదాసు నాటకానికి రాసిన ‘భలే మంచి చౌక బేరము’ను కూడా తీసుకున్నారు. ఖమ్మం ప్రాంతపు జక్కేపల్లికి చెందిన కేశవదాసు తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)కు పాటలు రాసినవారు. నాటకాలు మొదలయ్యే ముందు ఊరూరా పాడిన ‘పరాబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన కూడా ఆయనదే. తులాభారం నాటకం పుస్తకం ముత్తరాజుది, అందులో ఒక పాట స్థానం వారిది, మరొకటి కేశవదాసుది. రంగస్థల నాటకం ఒక్కరి రచనగా మిగలదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

సినిమాలో సత్యభామ పాటను పి. సుశీల పాడారు. స్థానం ముఖంతో, చేతులతో చేసిన పనిని సుశీల గొంతు ఒక్కటే చేయవలసి వచ్చింది. ఆమె పాడిన తీరులో గర్వం పెద్ద గొంతుగా లేదు. మాటల చివర సన్నగా విరిచి, పల్లవికి తిరిగి వచ్చేటప్పుడు ఒక ధీమాగా దించడంలో ఉంది. రంగస్థలపు ఆలాపన మొత్తం తీసేశారు. పాట కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది. వన్స్ మోర్ లేదు. పల్లవిని ఎన్నిసార్లు తిప్పాలన్నది నటి చేతిలో లేదు, రికార్డింగులోనే తేలిపోయింది. ఇది నిజంగా నష్టమే. నటుడు హాలును చూసి నిర్ణయించుకునే స్వేచ్ఛ పోయింది. దానికి బదులు పాట చేరని ఊరు లేకుండా పోయింది. స్థానం వారిని చూడని తరాలకు ఆ పాట అంటే సుశీల గొంతు, జమున ముఖం.

జమున ఈ ప్రాంతానికి పరాయి మనిషి కాదు. 1936లో హంపిలో పుట్టినా తెనాలి పక్కనున్న దుగ్గిరాలలో పెరిగారు. చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు వేశారు. ‘వినాయక చవితి’ (1957)లోనే ఆమె సత్యభామగా కనిపించారు, తులాభారంతో ఆ పాత్ర ఆమెకు బిరుదులా స్థిరపడింది. జడను ముందుకు వేసుకుని, ఓరచూపుతో, మెడ తిప్పడంలోనే మాట చెప్పే ఆమె సత్యభామలో రంగస్థల సత్యభామ ఛాయలు ఉన్నాయి. అదే సమయంలో కెమెరాకు తగినట్టు చిన్న కదలికలతో నడిపారు. స్థానం పాత్రకు నిజమైన వారసురాలిగా ఆమెను చెప్పుకోవడం సబబు. 2023 జనవరి 27న ఆమె మరణించినప్పుడు తెలుగునాట అందరూ మొదట తలచుకున్నది ఆ సత్యభామనే.

సినిమా పాటగా మారాక ‘మీరజాలగలడా’ నాట్యవేదికకూ చేరింది. కూచిపూడిలో సత్యభామ ఎప్పటినుంచో ఉంది. సిద్ధేంద్రయోగి పేరుతో వచ్చే ‘భామాకలాపం’ అందుకు మూలం. మగవారు సత్యభామ వేషం కట్టే ఆ సంప్రదాయానికి వేదాంతం సత్యనారాయణ శర్మ పతాకస్థాయి. అటు కూచిపూడి మేళం, ఇటు తెనాలి నాటకం రెండూ ఒకే పాత్రను ఆడవేషపు మగవాడితో వేరువేరుగా పెంచుకున్నాయి. పాఠశాల వార్షికోత్సవాల్లో, నాట్య బడుల ప్రదర్శనల్లో అమ్మాయిలు ఈ పాటకు నర్తించడంతో రెండు దారులూ కలిశాయి. ఒకే పల్లవికి వేరువేరు అభినయాలు పట్టే పద్ధతి నాట్యంలో సంచారి భావంగా ముందునుంచీ ఉంది. స్థానం చేసినది అదే. కాబట్టి సినిమా తీసేసిన స్వేచ్ఛ నాట్యంలో కొంత తిరిగి వచ్చింది.

రఘురామయ్య ఈల

కల్యాణం రఘురామయ్య 1901లో గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టారు. చిన్నతనంలో ‘భక్త రామదాసు’ నాటకంలో రఘురాముడి వేషం వేసినందువల్ల ఆ పేరు స్థిరపడింది. సత్యభామగా స్థానం, కృష్ణుడిగా రఘురామయ్య అంటే ఆనాటి ప్రేక్షకులకు పండగ. ‘పృథ్వీపుత్ర’ (1933)తో సినిమాల్లోకీ వచ్చారు. ‘గొల్లభామ’ (1947)లో నాయకుడు. 1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1975లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఏడాదే మరణించారు.

వేలు మడిచి నోట్లో పెట్టుకుని ఆయన వేసే ఈల పాటకు సమానంగా పలికేది. కృష్ణుడి చేతిలో పిల్లనగ్రోవి ఉన్నా ప్రేక్షకుడు ఎదురుచూసింది ఈల కోసమే. పద్యం పాడి, దాని రాగాన్ని ఈలలో తిరిగి విప్పేవారు. మాటలతో ఒకసారి, మాటలు లేకుండా ఒకసారి. తెలుగు రంగస్థలం మీద పద్యం మాటను వదిలి స్వరంగా మారిన అరుదైన చోటు ఇదే. జాజ్ పద్ధతికి ఈ ప్రాంతంలో దగ్గరగా వచ్చినది ఏదైనా ఉంటే అది రఘురామయ్య ఈల. ఆయన తన పద్యాన్ని తానే అక్కడికక్కడ వాద్యంగా మార్చుకున్నారు.

ఆ ఈలను తరువాత పూర్తిస్థాయి కచేరీ కళగా చేసినవారు బాపట్లకు చెందిన కొమరవోలు శివప్రసాద్. ఆయన వేలు సాయం లేకుండా పెదవులతోనే ఈల వేస్తారు. వయొలిన్, మృదంగం పక్కవాద్యాలుగా కర్ణాటక కృతులు, రాగాలాపన, స్వరకల్పనతో పూర్తి కచేరీ చేస్తారు. రఘురామయ్య ఈల పద్యానికి తోక. శివప్రసాద్ ఈల స్వయంగా ప్రధాన గాత్రం. గమకం పలకాలంటే ఊపిరిని, నాలుకను, పెదవిని ఒక్కసారే అదుపులో పెట్టాలి. ఊపిరి లోపలికి తీసేటప్పుడు స్వరం తెగకూడదు. నాటకంలో అయిదు నిమిషాలు చేస్తే చాలినదాన్ని రెండు గంటలు నిలపడం వేరే సాధన.

రేపల్లె తాలూకా పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్. జానకి ఈ నాటక పరంపరలో పెరిగిన గాయని కాదు. గొంతుకూ సుషిరవాద్యానికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడంలో మాత్రం ఆమె పేరు తప్పకుండా చెప్పాలి. 1962 నాటి తమిళ చిత్రంలో కారుకురిచ్చి అరుణాచలం నాగస్వరంతో పోటీగా ఆమె పాడిన పాట తెలుగులో ‘మురిపించే మువ్వలు’ చిత్రంలో ‘నీలీల పాడెద దేవా’గా వచ్చింది. రఘురామయ్య గొంతును వాద్యం చేస్తే, ఆమె గొంతు వాద్యం వెంట పరుగెత్తింది.

పద్యం: కాంట్రాక్టు నాటకాల కృష్ణులు

టాకీలు వచ్చాక పెద్ద నాటక సమాజాలు బలహీనపడ్డాయి. ఆ ఖాళీలో కాంట్రాక్టు నాటకం పెరిగింది. ఒక కాంట్రాక్టరు వేరువేరు ఊళ్ల నుంచి పేరున్న నటులను ఒక రాత్రికి మాట్లాడుకుని, తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ గానీ, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’ గానీ ఆడించేవాడు. కలిసి రిహార్సల్ చేసుకునే వీలు ఉండేది కాదు. ఎవరి పద్యాలు వారికి కంఠస్థం. హార్మనిస్టు ఒక్కడే అందరికీ ఆధారం. నటుడి శ్రుతి ఏదో ముందే అడిగి తెలుసుకుని, అతడు ఏ రాగం ఎత్తుకుంటే ఆ రాగం వెంట నడవడం, పాదం చివర అందించడం, నటుడు ఊపిరి తీసుకునేటప్పుడు ఖాళీ పూరించడం అతడి పని.

కాంట్రాక్టు నాటకాల్లో ఒకే నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండడం మామూలు. పోస్టరు మీదే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పేర్లు పడేవి. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు. ప్రేక్షకులకు పద్యాలన్నీ నోటికి వచ్చు. వారు వినడానికి వచ్చింది కథ కాదు, ఈ పద్యాన్ని ఇతడు ఎలా పాడతాడో. పోయిన నెల పక్క ఊళ్లో ఇంకొకరు మోహనలో పాడితే ఈయన దేనిలో ఎత్తుకుంటాడన్నదే ఆసక్తి. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’, ‘జెండాపై కపిరాజు’ వంటి పద్యాలు ఇలా ఒక కొలబద్దగా మారాయి. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావు వంటి నటులు ఒకే పద్యాలతో వేరువేరు అభిమానులను సంపాదించుకున్నారు. పీసపాటి భావానికి, పలుకుకు ప్రాధాన్యమిస్తే, షణ్ముఖి రాగాన్ని సంగతులతో పెంచారు. ఎవరిది గొప్ప అన్న వాదన టీ కొట్టు దగ్గర తెల్లవారేదాకా సాగేది. ఆ వాదనే ఈ కళకు అసలైన విమర్శ.

ఈ స్వేచ్ఛకు దోషం కూడా ఉంది. రాగం తీయడంలో పోటీ పెరిగిన కొద్దీ పద్యం అర్థం వెనక్కు పోయింది. చివరి అక్షరం మీద నిమిషాల తరబడి ఆలాపన చేసి చప్పట్లు తీసుకోవడం అలవాటైంది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు సభను మరిచి సంగీత కచేరీ చేస్తున్నట్టు ఉండేది. దీన్ని సరిదిద్దినవారు ఘంటసాల వేంకటేశ్వరరావు. సినిమా పద్యంలో ఆలాపనను కుదించి, పదాలను అర్థం ప్రకారం విడదీసి, రాగాన్ని భావానికి తగినంతే వాడారు. ‘శ్రీకృష్ణావతారం’ (1967)లో ఎన్.టి. రామారావుకు ఆయన పాడిన రాయబారపు పద్యాలు తిరుపతి వేంకట కవులవే, నాటకంలో అందరూ పాడినవే. వింటే కొత్తగా ఉంటాయి. ఆ పద్ధతి తిరిగి రంగస్థలాన్ని ప్రభావితం చేసింది. తరువాతి నాటక గాయకుల్లో చాలామంది ఘంటసాల విరుపులను తెచ్చుకున్నారు.

హరిశ్చంద్రలో జరిగినది ఇంకా విశేషం. బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల దగ్గరి ఇటికంపాడువారు. ‘సత్యహరిశ్చంద్రీయం’ 1912 నాటి రచన. కాటిసీను దాని ప్రాణం. తరువాతి కాలంలో నటులు ఆ సీనులో గుఱ్ఱం జాషువా శ్మశానవాటి పద్యాలను చేర్చి పాడడం మొదలుపెట్టారు. జాషువా వాటిని నాటకం కోసం రాయలేదు. హరిశ్చంద్రుడి కథతో వాటికి సంబంధం లేదు. అయినా కాటికాపరిగా నిలబడ్డ రాజు నోట అవి ఎంతగా అమరాయంటే, ఆ పద్యాలు లేని కాటిసీనును ప్రేక్షకులు ఒప్పుకోని స్థితి వచ్చింది. అంటరానితనాన్ని అనుభవించిన కవి మరణం ముందు అందరూ సమానమని చెప్పిన మాటలను, ఆయన్ని ఊళ్లోకి రానివ్వని ఊళ్లు కూడా రాత్రంతా కూర్చుని విన్నాయి. ఒక నాటకానికి నటులు ఇచ్చిన అర్థం రచయిత ఇచ్చినదాన్ని మించిపోయిన సందర్భం ఇది.

మాధవపెద్ది సత్యం, ‘వివాహ భోజనంబు’

పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరులో 1922లో పుట్టిన మాధవపెద్ది సత్యం నాటకాల నుంచి సినిమా నేపథ్యగానానికి వచ్చారు. రంగస్థలపు హెచ్చు శ్రుతి, గట్టి పలుకు ఆయన గొంతులో చివరిదాకా నిలిచాయి. ఎస్.వి. రంగారావుకు ఆ గొంతు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి ‘వివాహ భోజనంబు’ ఆయన పాడినదే. ఆ చిత్ర నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి తెనాలివారు.

ఈ పాట వరస సినిమా కోసం పుట్టినది కాదు. నాటకాల్లో, గ్రామఫోన్ రికార్డుల్లో అప్పటికే తిరిగిన మట్టు అది. ఆ మట్టులోని నవ్వు ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ 1922లో పాడిన ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ను తలపిస్తుంది. పెన్‌రోజ్ పాటకు ఆధారం 1890ల్లో అమెరికాలో జార్జ్ డబ్ల్యు. జాన్సన్ పాడిన నవ్వుల పాట. జాన్సన్ బానిసత్వపు రోజుల్లో పుట్టినవాడు, రికార్డింగు ద్వారా దేశమంతా పేరు తెచ్చుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ గాయకుడు. సత్యం ఆ నవ్వును మాటల మధ్య తాళం తప్పకుండా నిలబెట్టి, రాక్షసుడి ఆకలిని పసిపిల్లలకు కూడా ఇష్టమయ్యేలా చేశారు. 1988లో జంధ్యాల తన సినిమాకు ఈ పాట పేరే పెట్టారు. ఇప్పుడు పెళ్లి భోజనాల పందిట్లో, హోటళ్ల బోర్డుల మీద కూడా అది కనిపిస్తుంది. ‘భలే మంచి చౌక బేరము’ కూడా అలాగే సినిమా పేరుగా మరోసారి తిరిగి వచ్చింది.

నిలిచిన రూపాలు

78 ఆర్‌పిఎం రికార్డు ఒక పక్క దాదాపు మూడు నిమిషాలే పట్టేది. రంగస్థలం మీద పావుగంట సాగిన పద్యం అందులో కుదించుకుపోయింది. కాబట్టి పాత రికార్డులు విని ఆనాటి గానాన్ని అంచనా వేయడంలో జాగ్రత్త అవసరం. అవి నమూనాలే, ప్రదర్శనలు కావు. ఆకాశవాణి నాటకాలు, పద్యనాటక ప్రసారాలు కొంత విస్తృతమైన రూపాన్ని అందించాయి. క్యాసెట్టు కాలంలో కాంట్రాక్టు నాటకాలు పూర్తిగా రికార్డై పల్లెలకు చేరాయి. కుర్రగాయకులు హార్మోనియం ముందు పెట్టుకుని ఆ క్యాసెట్లతోనే పద్యాలు నేర్చుకున్నారు. ఒకరి క్యాసెట్టు అరిగేదాకా విని వారి సంగతులను యథాతథంగా పట్టడం అప్పటినుంచి పెరిగింది. అంతకుముందు గురువు దగ్గర నేర్చుకున్నవాడికి అనుకరణ మొదటి మెట్టు మాత్రమే. క్యాసెట్టు దగ్గర నేర్చుకున్నవాడికి అదే చివరి మెట్టయ్యే ప్రమాదం వచ్చింది.

కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ది వేరే కథ. స్థానం చింతామణిగా వేసినప్పుడు అది వేశ్యావ్యామోహాన్ని ఖండించే నాటకం. కాలక్రమంలో నటులు సుబ్బిశెట్టి అనే పాత్ర సీనును పెంచుకుంటూ పోయి, పుస్తకంలో లేని సంభాషణలు చేర్చారు. ఒక కులంవారిని కించపరుస్తోందన్న ఫిర్యాదులతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఆ నాటకాన్ని నిషేధించింది. నటుడికి ఉన్న చేర్పుల హక్కు జాషువా పద్యాలను కాటిసీనుకు తెచ్చింది. అదే హక్కు చింతామణిని ఇక్కడికి తెచ్చింది.

స్త్రీపాత్రలను స్త్రీలే వేయడం స్థిరపడ్డాక స్థానం తరహా వేషం నాటకంలో దాదాపు ఆగిపోయింది. నేటి పద్యనాటక ప్రదర్శనల్లో సత్యభామగా వచ్చే నటీమణులు ‘మీరజాలగలడా’ను ఎక్కువగా సుశీల వరసలోనే ఎత్తుకుంటారు. పల్లవిని రెండోసారి, మూడోసారి అందుకున్నప్పుడు మాత్రం అభినయం కోసం నిలుస్తారు, హార్మనిస్టు వారి కోసం ఆగుతాడు. నంది నాటకోత్సవాల పద్యనాటక విభాగంలోనూ, ఊళ్లలో తిరునాళ్లకు ఆడే రాయబారంలోనూ, హరిశ్చంద్రలోనూ ఈ పద్ధతి ఇప్పటికీ సాగుతోంది.